నీళ్లను వెతికే గాలి

దేవమణికి పెళ్లయ్యేనాటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ వయసుకు ఆమెతో చదువుకున్నవాళ్లు కూతుళ్లకు జడలు వేస్తున్నారు. మెదక్‌లో చదువు ముగించుకుని, అమీర్‌పేటలో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో చేరి, లెక్కలూ సైన్సూ చెప్పుకుంటూ, బడి వెనక రెండు గదుల పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. ఇక ఈమెకు నల్లబల్లే మొగుడు అనుకున్నారు చర్చిలో ఆడవాళ్లు. అటువంటప్పుడు సంఘపెద్ద ఒకాయన సాలమన్ సంబంధం తెచ్చాడు.

సాలమన్‌ది అమీర్‌పేటే. పంజగుట్ట బండల కింద ఒక సేటు కొత్తగా పెట్టిన, మంచుగడ్డలు చేసే బర్ఫు కార్ఖానాలో మిషన్ నడిపేవాడు. మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి చాకిరీ చేసి, ఆమె పోయాకే పెళ్లి మాట ఎత్తాడు. చర్చి ఆవరణలో ఇద్దర్నీ చెరో కుర్చీలో కూర్చోబెట్టి పెద్దలు దూరంగా జరిగారు. అతను తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"మీ కార్ఖానల మిషన్ అమ్మోనియాతోని నడుస్తదా?" దేవమణే అడిగింది.

అతను తల ఎత్తాడు. "అవును. మీకెట్ల తెలుసు?"

"పుస్తకంల చదివిన. ఆ గ్యాసును అదిమి, చల్లబరిచి నీళ్లలెక్క చేస్తరు. మళ్ల వదిలేస్తే ఆవిరైతది. ఆవిరయ్యేటప్పుడు చుట్టున్న వేడినంత గుంజుకుంటది. గంతే కదా?"

"గంతే. డబ్బాలల్ల నీళ్లు బర్ఫయి కూసుంటయి." అతని మొహం విచ్చుకుంది. "కానీ పుస్తకంల వాసన రాదు. నా అంగీలకు వస్తది. ఎంత ఉతికినా పోదు. తర్వాత మీరు అనొద్దు."

ఆ 'తర్వాత' అన్న మాట విని దేవమణి నవ్వింది. సంబంధం అక్కడే కుదిరింది.

అతను చెప్పినట్టే అంగీలకు వాసన వచ్చేది. ముక్కు పుటాలను సూదితో పొడిచినట్టుండే వాసన. మొదట్లో ఆమె ఆ బట్టల్ని దండెం చివర విడిగా ఆరేసేది. కొన్నాళ్లకు అది వాసనగా తోచడం మానేసింది. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చాడనడానికి గుర్తుగా మాత్రమే తెలిసేది.

పిల్లలు కలగలేదు. మాటలకు మాత్రం కొదవ లేదు. బడి విడిచాక ఆమె, షిఫ్టు దిగాక ఆయన, వాకిట్లో చాపేసుకుని కూర్చుంటే ముచ్చట చాలాసార్లు కార్ఖానా వైపే మళ్లేది. గొట్టంలో ఎక్కడ సందు పడిందో కంటికి కనబడదనీ, గంధకం పూసిన పుల్ల వెలిగించి కీళ్ల వెంబడి తిప్పితే, గ్యాసు కారేచోట తెల్లటి పొగ లేస్తుందనీ ఆయన చెప్పేవాడు. ఆ పొగ ఎందుకు లేస్తుందో ఆమె చెప్పేది. మనం పీల్చే గాలిలో ఐదు పాళ్లకు నాలుగు పాళ్లు నత్రజనే అని ఆమె చెప్పిన రోజు ఆయన చాలాసేపు నమ్మలేదు.

"మరి గంత గాలిల ఉంటే దానికి వాసనెందుకు రాదు?"

"నత్రజనికి వాసన లేదు, రంగు లేదు. మండదు. ఎవలతోని తొందరగ కలవది. ఒక నత్రజనికి మూడు ఉదజనులు జతైతేనే అమ్మోనియా. అప్పుడొస్తది వాసన."

"నీలెక్కనే," అన్నాడు సాలమన్. "ఎన్నేండ్లు ఎవలతోని కలవకుంట ఉన్నవు. కలిసినంక సూడు ఎంత ఘాటో."

ఆమె చేతిలో ఉన్న విసనకర్రతో కొట్టింది. పెళ్లయిన మూడేళ్లలో అటువంటి సాయంత్రాలు ఎన్నో గడిచాయి.

అంతలో రెండో ప్రపంచయుద్ధం ముదిరింది. బేగంపేట మైదానంలో విమానాల రొద పెరిగింది. సికింద్రాబాదు నిండా దండు దిగింది. దండుకు బర్ఫు కావాలి, దవాఖానలకు బర్ఫు కావాలి, పెద్దల బంగళాలకు ఎలాగూ కావాలి. ఇదివరకు రోజుకు ఒక పూట ఆగి చల్లారే మిషన్‌కు ఇప్పుడు విరామం లేకుండా పోయింది. గొట్టాల కీళ్లలో పెట్టే పట్టీలు విదేశాల నుంచి రావాలి. ఓడలు రావడం లేదు. పాత పట్టీలనే తిప్పి వేసి, తాళ్లు చుట్టి నడిపిస్తున్నారు. మిషన్ నాలుగు రోజులు ఆపి కీళ్లన్నీ విప్పి చూడాలని సాలమన్ సేటుతో చెప్పాడు.

"ఈ ఎండాకాలం గడవనియ్యి సాలమన్," అన్నాడు సేటు. "వానలు పడంగనే ఆపుదాం."

వానల దాకా అది ఆగలేదు.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. దేవమణి ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతోంది. కార్ఖానా జవాను చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పంతులమ్మా, గ్యాసు పేలింది" అని మాత్రం అన్నాడు. సుద్దముక్క ఆమె చేతిలోనే ఉంది. పంజగుట్ట వరకు అలాగే పట్టుకుని పరిగెత్తిందని తర్వాత పిల్లలు చెప్పుకున్నారు.

జరిగిందేమిటో ఆమెకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మిషన్ నుంచి వేడి గ్యాసును తీసుకుపోయే గొట్టం, తలుపు పక్కనే, కీలు దగ్గర విడిపోయింది. తెల్లటి ఆవిరి బుస్సుమని లేచింది. మిషన్ వైపు ఉన్నవాళ్లు సాలమన్‌తో సహా ఒక్క ఉదుటున బయటపడ్డారు. అవతలి వైపు, డబ్బాలు దించే పెద్ద ఉప్పునీళ్ల తొట్టి, హౌజు, మీద మొగిలయ్య ఒక్కడు చిక్కుకున్నాడు.

మొగిలయ్యది పంజగుట్టలో సేద్యం చేసుకునే ఇల్లు. వాళ్ల చెలక ఒక నవాబు తోటలో కలిసిపోయాక, భార్య వజ్రమ్మను ఇంటి దగ్గర వదిలి అతను కార్ఖానాలో చేరాడు. బలమైన మనిషి. బర్ఫు డబ్బాలను కొక్కెంతో ఒంటిచేత్తో లేపేవాడు. ఆ పూట తలుపు వైపు తెల్లగా కమ్ముకోవడం చూసి, దాని నుంచి తప్పించుకోవాలంటే పైకి పోవాలనుకున్నాడు. హౌజు మీద చెక్క అటక ఉంది. గోనె సంచులూ ఊకా దాచే చోటు. దాని పక్కన చిన్న వెలుతురు కిటికీ కూడా ఉంది. నిచ్చెన ఎక్కి అక్కడికి చేరాడు.

అమ్మోనియా గాలి కంటే తేలిక. అది ఎక్కడికి పోతుందో సరిగ్గా అక్కడికే మొగిలయ్య ఎక్కాడు. అతని కాళ్ల దగ్గర, నేలను ఆనుకుని, బర్ఫు దిమ్మల్ని బయటికి జార్చే కంత ఉంది. మనిషి పాకి పోవడానికి సరిపోయేంత కంత. అతను దాన్ని దాటే నిచ్చెన ఎక్కాడు.

బయటికొచ్చిన సాలమన్‌కు అటక మీది దగ్గు వినిపించింది. బర్ఫు దిమ్మల మీద కప్పిన తడి గోనె ఒకటి లాగి, మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు. ముందు మిషన్ ఆపి వాల్వు తిప్పాడు. తర్వాత నిచ్చెన ఎక్కాడు. మొగిలయ్య అప్పటికే బోర్లా పడి ఉన్నాడు. సాలమన్ తన మొహం మీది గోనె తీసి అతని తలకు చుట్టాడు. అతన్ని భుజాన వేసుకున్నాడు. దిగడానికి నిచ్చెన మెట్లు కనబడాలి. అందుకని కళ్లు తెరిచే ఉంచాడు. కింద కంతలోంచి మొగిలయ్యను బయటికి తోసి, తనూ పాక్కుంటూ వచ్చి మట్టిలో పడిపోయాడు.

దేవమణి చేరేసరికి ఆయన్ను పక్క తోటలో మోటబావి గడ్డ మీద పడుకోబెట్టారు. ఎవరో ముసలామె ఆముదం గిన్నె పట్టుకుని కళ్లలో పోయబోతోంది. దేవమణి ఆ గిన్నెను చేత్తో విసిరికొట్టింది.

"నీళ్లు! నీళ్లు పొయ్యిండ్రి! నీళ్లు తప్ప ఏమొద్దు!"

తోటమాలి ఎద్దుల్ని అదిలించాడు. మోట పైకొచ్చి కాలువలోకి పడుతుంటే, ఆమె ఆయన తలను ఒళ్లో పెట్టుకుని, రెప్పల్ని వేళ్లతో విడదీసి, డబ్బాతో నీళ్లు పోస్తూనే ఉంది. ఆయన గిలగిల కొట్టుకున్నాడు. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. చీర తడిసి ముద్దయింది. దవాఖాన బండి వచ్చేదాకా ఆమె చెయ్యి ఆగలేదు.

"మొగిలయ్య?" అన్నాడు సాలమన్. గొంతు బొంగురుపోయి మాట గాలిలాగే వచ్చింది.

"బతికిండు అన్నా," అన్నారెవరో.

దేవమణి తల తిప్పి చూసింది. కొంచెం దూరంలో మొగిలయ్య చెట్టుకు ఆనుకుని కూర్చుని దగ్గుతున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి కానీ తెరుచుకునే ఉన్నాయి. అతను చూస్తున్నాడు. ఆమెనే చూస్తున్నాడు. ఆ క్షణంలో ఆమె మనసులో ఏదో గడ్డకట్టింది.

దవాఖానలో ముసలి డాక్టరు రోజూ మందు వేసి, దీపం పెట్టి చూసేవాడు. ఒకనాడు ఆమెను వసారాలోకి పిలిచాడు. "అమ్మా, నువ్వు నీళ్లు పోసి మంచి పని చేశావు. కాని ఇది క్షారం. ఆమ్లమైతే పైపైన కాల్చి ఆగుతుంది. క్షారం ఆగదు, లోపలికి దిగుతూనే ఉంటుంది. నువ్వు వచ్చేసరికే దిగింది." ఆమెకు ఆ సంగతి తెలుసు. పుస్తకంలో చదివింది. పరీక్షలో రాసింది కూడా. సాలమన్ నల్లగుడ్ల మీద తెల్లటి పొర పేరుకుంది. వానాకాలం వచ్చేసరికి వెలుగు నీడల తేడా కూడా తెలియకుండా పోయింది. ఊపిరితిత్తుల్లో గరగర మిగిలింది.

ఇంటికి తెచ్చాక ఆయన వాకిట్లో మంచం మీద కూర్చునేవాడు. బడి పిల్లలు పాడే పాటలు వినేవాడు. చింతచెట్టు మీద ఎన్ని రకాల పిట్టలు కూస్తున్నాయో చెప్పేవాడు. దేవమణి బడికి పోయే ముందు కుండ, చెంబు, రొట్టె ఆయన చేతికందేచోట పెట్టి, ఒక్కొక్కదాని మీద ఆయన చెయ్యి పెట్టించి పోయేది.

రోజూ పొద్దుగూకేముందు మొగిలయ్య వచ్చేవాడు. "అన్నా, పోదామా?" అని ఆయన చెయ్యి పట్టుకుని పంజగుట్ట బండల దాకా మెల్లగా నడిపించుకుపోయేవాడు. దారిలో కనబడ్డవన్నీ వర్ణించేవాడు. సీతాఫలాలు కాసినాయి, కొండ మీద కొత్త బంగళాకు పునాది తీస్తున్నరు, గీ బాటన కొత్త లారీ వొయ్యింది అని. సాలమన్ ఆ గంట కోసం మధ్యాహ్నం నుంచే తయారై ఉండేవాడు.

దేవమణికి మాత్రం ఆ గొంతు గిట్టేది కాదు. మంచినీళ్లు ఇచ్చేది, కానీ చేతికివ్వక అరుగు మీద ఠక్కున పెట్టేది. ఆమెకు ఆ కంతే కళ్లలో మెదిలేది. ఒక్కసారి వంగి ఉంటే చాలు కదా! పశువు కూడా కిందికే తల వంచుతుంది.

ఒక సాయంత్రం మొగిలయ్య వెళ్లాక సాలమన్ అన్నాడు: "నీకు వాని మీద కోపం."

"నాకేం కోపం?"

"చెంబు పెట్టే చప్పుడు నాకు వినవడది అనుకుంటున్నవా? కండ్లే పోయినయి."

ఆయన దగ్గి, దగ్గు తెరిపినిచ్చాక మళ్లీ అన్నాడు. "రెండేండ్లు ఒకటే కప్పు కింద పని చేసినం. గ్యాసు మీదికి పోతది, నువ్వు కిందికి వంగురా అని ఒక్కనాడు వానికి చెప్పలే నేను. నీతోని ఎన్ని ముచ్చట్లు పెట్టిన! వానికి రెండు మాటలు చెప్పనీకి నోరు రాలే. బర్ఫు గుంజెటోనికి గీ ముచ్చట ఎందుకు అనుకున్ననో ఏమో. వాడెక్కిండంటే వాని తప్పు కాదు దేవమణీ."

"నీ తప్పు సుత కాదు," అని ఆమె గట్టిగా అన్నది. కానీ ఎవరిదో ఒకరిది కావాలి కదా అని ఆమె మనసు వెతుకుతూనే ఉంది. సేటు ఉన్నాడు, యుద్ధం ఉంది. అవి అందనివి. మొగిలయ్య రోజూ గడపలోకి వస్తున్నాడు.

క్రిస్మస్‌కు ముందు చలి బాగా పడింది. సాలమన్‌కు జ్వరం వచ్చింది. దెబ్బతిన్న ఛాతీ దాన్ని తట్టుకోలేకపోయింది. చివరి రెండు రోజులూ ఆమె ఆయన వీపును తనకు ఆనించుకుని కూర్చుంది, పడుకుంటే ఊపిరి ఆడడం లేదని. ఆ రెండో రోజు తెల్లవారుతుంటే ఆమె చేతుల్లోనే ఆయన బరువు మారిపోయింది. శవపేటికను మోసినవాళ్లలో మొగిలయ్య ఉన్నాడు. సంఘంలో ఎవరూ వద్దనలేదు. సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేసి పోయినా అతను వంగి చేతులతో మట్టి సర్దుతూనే ఉన్నాడు. దేవమణి అతనితో ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికి నడిచింది.

ఎండలు ముదిరే ముందు, ప్రమాదం తర్వాత మూతపడ్డ కార్ఖానా మళ్లీ మొదలవుతుందని తెలిసింది. మిషన్ దగ్గరికి మనిషి కావాలి. సేటు మొగిలయ్యను పెట్టుకున్నాడు. వారం తిరగకముందే అతను దేవమణి ఇంటికొచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వెనక వజ్రమ్మ ఉంది, చంకలో బిడ్డతో.

"వదినా, నన్ను మిషన్ కాడికి మార్చిండ్రు. తిప్పుడు, ఆపుడు చూపిచ్చిండ్రు. గా గ్యాసు ఏందో, ఎట్ల వస్తదో, ఎట్ల పోతదో ఎవలూ చెప్తలేరు. అన్న అంటుండె, మా ఇంటామెకు తెలిసినంత ఎవలకు తెల్వదని. జర నాకు చెప్పవా?"

ఇన్నాళ్లూ బిగబట్టుకున్నది ఆ 'అన్న అంటుండె' దగ్గర తెగింది.

"ఇప్పుడు నేర్చుకుంటవా? ఆనాడు నీ కాళ్లకాడనే కంత ఉండె. ఒక్కసారి వంగి ఉంటే నా మనిషి ఇయ్యాల బతికి ఉండేటోడు. ఎక్కినవు! ఎందుకెక్కినవు?"

మొగిలయ్య మొహం పాలిపోయింది. "నాకు ఎర్క లేకుండె వదినా. ఎర్కుంటే వంగకపోదునా?"

తలపాగా చుట్టుకోకుండానే వెళ్లిపోయాడు. వజ్రమ్మ మాత్రం కదల్లేదు. బిడ్డను చంక మార్చుకుని అక్కడే నిలబడింది.

"వదినా, నువ్వన్న మాట అబద్ధం కాదు. ఆయన సుత రోజూ గదే అనుకుంటడు. నిద్రల లేచి కూసుంటడు. నీకు ఆయన మొకం చూడబుద్ధి కాకుంటే చూడకు. నాకు చెప్పు. నేను ఇంటికి వొయ్యి ఆయనకు చెప్త. రేపు ఆయన మిషన్ కాడికి పోతడు. నేను ఇంట్ల కూసోని ఎదురుచూస్త, నువ్వు చూసినట్టే."

దేవమణి ఆ బిడ్డను చూసింది. బిడ్డ ఆమె మెడలోని సిలువను చూస్తోంది. అరుగు మీద కూలబడింది.

"ఐతారం రమ్మను," అన్నది చివరికి. "ఇద్దరు రండ్రి. వచ్చేటప్పుడు కళాయి పోసేటోళ్ల దగ్గర ఇంత నవసాగరం, పాన్‌డబ్బలకెళ్లి ఇంత సున్నం పట్టుకరండ్రి."

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ వచ్చారు. దేవమణి చాప వేసింది. మొగిలయ్య చాప అంచు మీద, ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె అతని మొహం చూడకుండానే మొదలుపెట్టింది. గాలిలో నత్రజని ఎంత ఉందో చెప్పింది. రెండు నత్రజనులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయనీ, వాటిని విడదీయడం మహా కష్టమనీ, అందుకే పైరు చుట్టూ అంత నత్రజని ఉన్నా ఆకు దాన్ని తినలేదనీ చెప్పింది.

"అందుకే పెంట వేస్తరు. పేడ, ఉచ్చ మురిగితే నత్రజని ఉదజనితోని కలిసి బయటికొస్తది. పొద్దున్నే కొట్టం తలుపు తీస్తే ముక్కుకు కొడతది చూడు..."

"గా వాసననా?" మొగిలయ్య ముందుకు వంగాడు. "కార్ఖానల వాసన, కొట్టంల వాసన ఒకటేనా?"

"ఒకటే. కొట్టంల ఇంత ఉంటది. కార్ఖానల గొట్టం నిండ ఉంటది."

"చిన్నప్పటిసంది పీల్చిన దాన్నే," అన్నాడతను.

ఆమె పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ ముక్క పక్కన పెట్టుకుంది. నవసాగరం అనే ఉప్పు పలుకుల్ని నూరి, సున్నంతో కలిపి పళ్లెంలో వేళ్లతో రుద్దితే అదే గ్యాసు కొద్దిగా లేచింది. తడి గుడ్డను పైన పట్టుకుంటే, గ్యాసు తగిలి పసుపు కాస్తా ఎర్రగా మారింది. గ్లాసు బోర్లించి పళ్లెం మీద కాసేపు పట్టుకుని వాళ్లకు చూపించింది. బోర్లించిన గ్లాసులో వాసన నిలిచింది. వెల్లకిలా తిప్పగానే పోయింది.

"చూసినవా? మీదికి పోతది. పట్టుకుందామంటే కప్పు కావాలె. అటక కప్పు కిందనే ఉంటది."

మొగిలయ్య తల వంచుకున్నాడు.

"దానికి నీళ్లంటే పాణం," ఆమె చెప్పుకుపోయింది. "ఒక చెంబు నీళ్లు వందల చెంబుల గ్యాసును మింగుతయి. నీళ్లెక్కడుంటే అక్కడికి ఉరుకుతది. తడిబట్ట ముక్కుకు కట్టుకుంటే బట్టల నీళ్లే దాన్ని పట్టుకుంటయి, లోపలికి రానియ్యవు. బట్ట లేకుంటే మన ఒంట్ల నీళ్లను వెతుక్కుంటది. ఒంట్ల నీళ్లు ఎక్కడున్నయి?"

"నోట్ల," అన్నది వజ్రమ్మ.

మొగిలయ్య పళ్లెం పక్కనున్న తడి గుడ్డను చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "కండ్లల్ల."

దేవమణి వేళ్ల మీద సున్నం ఆరుతోంది. మొహం మీద పడ్డ వెంట్రుకను తోసుకోబోయి చేతిని ముక్కు దగ్గరికి తెచ్చింది. ఆ వాసన తగిలింది. దండెం మీది అంగీల వాసన. సాయంత్రం గడపలో చెప్పులు విడిచే చప్పుడుతో పాటు వచ్చే వాసన. ఆయన పోయాక ఆమె ఆ అంగీలన్నీ పెట్టెలో పెట్టింది, కానీ నెలలు గడిచి వాటిలో ఏమీ మిగల్లేదు. ఇప్పుడు ఆమె చేతుల్లోనే ఆయన ఉన్నట్టు ఉంది. చెయ్యి కిందికి దించలేకపోయింది. వజ్రమ్మ లేవబోతే వద్దని తల ఊపింది.

చేతులు కడుక్కోకుండానే మిగతాది చెప్పింది. వంగాలి, వీలైతే పాకాలి. గాలి ఎటు నుంచి వీస్తే అటే పోవాలి. తలుపు దగ్గర నీళ్ల తొట్టీ, దాంట్లో నానుతూ బట్టలూ ఎప్పుడూ ఉండాలి. కళ్లకు తగిలితే నీళ్లు, మళ్లీ నీళ్లు, దవాఖానకు చేరేదాకా నీళ్లు. ఆముదం పనికిరాదు, పాలు పనికిరావు.

"నువ్వొక్కనివే తెలుసుకుంటే చాలదు. బర్ఫు గుంజెటోనికి చెప్పాలె, ఊక మోసెటోనికి చెప్పాలె. బండి తోలెటోనికి సుత చెప్పాలె."

"చెప్త వదినా."

అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు, తనకు సరిగ్గా చెప్పడం రావట్లేదని. ఆమె మళ్లీ నవసాగరం, సున్నం తీసేది. వాళ్లతో ఎక్కువ మాట్లాడేది కాదు. కానీ ఎవర్నీ తిరిగి పంపలేదు. కార్ఖానా తలుపుల దగ్గర తొట్లు వెలిశాయి. సేటు మొదట అడ్డం చెప్పినా పనివాళ్లు వినలేదు. కార్ఖానాలో ఆమె మాత్రం అడుగు పెట్టలేదు. చర్చికి పోయేటప్పుడు కూడా చుట్టు తిరిగి వేరే బాటన పోయేది.

మరుసటి ఏడాది వేసవిలో గ్యాసు మళ్లీ కారింది. ఈసారి హౌజు పక్కనే గొట్టం చీలింది. బడికి సెలవులు. దేవమణి ఇంట్లోనే బియ్యం ఏరుతూ కూర్చుంది. పంజగుట్ట వైపు కేకలు వినబడి చేట అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది.

కొంతసేపటికి బాట మీద మొగిలయ్య కనబడ్డాడు. మెడలో తడి తువ్వాలు వేలాడుతోంది. వెనకే వజ్రమ్మ ఉరుకుతోంది.

"వదినా! అందరు బయటికొచ్చిండ్రు. పాక్కుంట వచ్చిండ్రు. కంతలకెళ్లి ఒకని వెనుక ఒకడు వచ్చిండ్రు. నేను వాల్వు కట్టేసి వచ్చిన."

"ఎవల కండ్లకు..." ఆమె తలుపు రెక్క వదల్లేదు.

"ఎవలకు ఏం కాలే. ఒకనికి జర మంట ఉంటే తొట్ల నీళ్లు పోస్తనే ఉన్నరు. చూస్తుండు. మంచిగ చూస్తుండు వదినా."

దేవమణి తల ఊపింది. "మంచిది," అన్నది. లోపలికి తిరిగి బియ్యం దగ్గర కూర్చుని చేట ఒళ్లోకి తీసుకుంది. రెండు రాళ్లు ఏరింది. తర్వాత ఒక్కసారిగా ఆమె నోట్లోంచి ఒక కేక వచ్చింది. సాలమన్ చచ్చిపోయిన రోజు కానీ, మట్టి వేసిన రోజు కానీ ఆ ఇంట్లోంచి అటువంటి ఏడుపు వినబడలేదు. చేట జారి బియ్యం నేలపాలయ్యాయి.

"గింతేనా?" అంటోంది ఆమె ఏడుపు మధ్యలో. "గింత చిన్న ముచ్చటనా? రెండు మాటలు... రెండు మాటలు వజ్రమ్మా..."

వజ్రమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆమె తలను భుజానికి అదుముకుంది. ఊరుకోమని అనలేదు. మొగిలయ్య గడప దగ్గర గొంతుక్కూర్చుని, తడి తువ్వాలుతో తన మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు కూడా కదులుతున్నాయి.

ఎండ వాలేదాకా అలాగే ఉన్నారు. తర్వాత వజ్రమ్మ లేచి, నేల మీది బియ్యం ఎత్తి, కడిగి, పొయ్యి ముట్టించింది.